సున్నా మేడం

ఈ వేళ మధ్యాహ్నం ల్యాబ్‌లో ఒక అమ్మాయిని అందరి ముందూ నవ్వులపాలు చేశాను. తప్పు ఆ అమ్మాయిది కాదు, నాది. ఆ సంగతి సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక గానీ నాకు తెలియలేదు.

ఆ అమ్మాయిది కోడూరు. బందరులో మా కాలేజీలో డిగ్రీ ఆఖరి సంవత్సరం, కెమిస్ట్రీ. ప్రాజెక్టు కోసం వాళ్ళ ఊరి నీళ్ళలో ఇనుము ఎంత ఉందో చూస్తానంది. ఇంటి బోరు నీళ్ళు, పంటకాలవ నీళ్ళు, రొయ్యల చెరువు నీళ్ళు సీసాల్లో పట్టుకొచ్చింది. వాటితోపాటు వాళ్ళ నాయనమ్మ డ్రమ్ములో పట్టి ఉంచిన వాన నీళ్ళు కూడా తెచ్చింది. బోరు నీళ్ళలో కందిపప్పు ఉడకదని వాళ్ళింట్లో వాన నీళ్ళు దాచుకుని పప్పు వండుకుంటారట.

నీళ్ళలో ఒక మందు కలిపితే, ఇనుము ఉన్న కొద్దీ అవి ఎర్రబడతాయి. ఆ ఎరుపు ఎంతో స్పెక్ట్రోఫోటోమీటర్ అనే మిషను కొలుస్తుంది. రంగు నీళ్ళ గుండా వెలుతురు పంపి, అందులో ఎంత వెలుతురును నీళ్ళు మింగేశాయో అంకెలో చెబుతుంది. అంతకు ముందే ఏ ఇనుమూ లేని డిస్టిల్డ్ వాటర్లో అదే మందు కలిపి లోపల పెట్టి, ఇదీ సున్నా అని మిషనుకు చెప్పాలి. ఆ నీళ్ళని బ్లాంక్ అంటాం.

మిగతా నీళ్ళన్నిటికీ రీడింగులు వచ్చాయి. వాన నీళ్ళకి మాత్రం సున్నా కన్నా తక్కువ వచ్చింది. ఆ అమ్మాయి మళ్ళీ మళ్ళీ పెట్టి చూసి నా దగ్గరికి వచ్చింది.

"సార్, మైనస్ వస్తోందండి."

అప్పుడే ఆఫీసులో ఒకాయనతో మాటామాటా అనుకుని వచ్చాను. ఇది సాకని నాకు తెలుసు, అయినా రాస్తున్నాను.

"నీళ్ళు వెలుతురు మింగుతాయమ్మా. మీ కోడూరు నీళ్ళు కక్కుతున్నాయేంటి?" అన్నాను.

ల్యాబంతా నవ్వింది. వెనక బల్ల దగ్గర ఒకడు, "వాళ్ళ ఊళ్ళో కరెంటు బిల్లు రాదేమోరా" అన్నాడు. దానికి ఇంకో విడత నవ్వారు. నేనూ నవ్వాను.

"బ్లాంక్‌లోనే ఏమన్నా ఉందేమోనండి సార్" అంది ఆ అమ్మాయి, నెమ్మదిగా.

"నా బ్లాంక్ సంగతి నాకొదిలెయ్. ఆ వాన నీళ్ళ వరస తీసేసి రిపోర్టు పట్రా, సంతకం పెడతాను. అలాగే ఉంచితే వైవాకి పంపను."

తల ఊపి, సీసాలు సంచిలో సర్దుకుని వెళ్ళిపోయింది.

ఐదింటికి సింకు దగ్గర చేతులు కడుక్కుంటుంటే, కొళాయి కింద తెల్లటి పింగాణీ మీద తుప్పు చార కనిపించింది. రోజూ ఉండేదే. ఈ వేళ మాత్రం కళ్ళు దాని మీద ఆగాయి. మా డిస్టిలేషన్ యూనిట్లో కాయిల్ మాడిపోయి చాలా కాలమైంది. బందరు నీళ్ళకి అది ఉప్పు పెచ్చు కట్టి మాడిపోతుంది. "ఈ సెమిస్టరుకి ప్యూరిఫయర్ నీళ్ళతో నెట్టుకొద్దాం" అని అటెండరుకు చెప్పింది నేనే. ప్యూరిఫయర్ నుంచి ల్యాబ్‌లోకి వచ్చే గొట్టం పాత ఇనప గొట్టం. సీసా మీద మాత్రం ఇప్పటికీ డిస్టిల్డ్ వాటర్ అన్న చీటీ ఉంది.

ఆ సీసాలో నీళ్ళు పరీక్షనాళికలో పోసి మందు చుక్కలు వేశాను. లేత గులాబీ రంగు వచ్చింది.

తక్కెడలో ముందే ఒక రాయి పెట్టి, అదే సున్నా అనుకుంటే, ఆ రాయి కన్నా తేలికైనదేదైనా సున్నా కన్నా తక్కువే తూగుతుంది. నాయనమ్మ డ్రమ్ములో వాన నీళ్ళు మా బ్లాంక్ కన్నా శుభ్రంగా ఉన్నాయి. అంతే జరిగింది. ఆ అమ్మాయి చెప్పింది కూడా అదే.

ఆ గులాబీ రంగు నీళ్ళు పట్టుకుని నిలబడ్డప్పుడు నాకు సున్నా మేడం గుర్తొచ్చారు.

మేడం అంటే గుడివాడలో నేను మొదట పనిచేసిన కాలేజీలో మా డిపార్ట్‌మెంటు హెడ్. ఆ పేరు పిల్లలు పెట్టింది. సున్నా మార్కులు వేస్తారని కాదు. ల్యాబ్ మొదలయ్యాక సగం సేపు సున్నా దగ్గరే ఉంచేసేవారని. బ్లాంక్ పెట్టించి, తీయించి, తుడిపించి, మళ్ళీ పెట్టించేవారు. ఒక్కొక్కళ్ళ చేతా పెట్టించేవారు. ఎవరి వంతు వచ్చినా అదే వరస. నేను చేరిన కొత్తలో ఒక రోజు ఉండబట్టలేక, "మేడం, ఇలా అయితే సిలబస్ ఎప్పుడవుతుందండీ?" అన్నాను.

"సున్నా దాటాక" అన్నారు, నా వైపు చూడకుండా.

మనిషి పొట్టి. యాసిడ్ తగలకుండా నేత చీర కుచ్చిళ్ళు కాస్త పైకి దోపుకునేవారు. కుడి బొటనవేలి మీద ఎప్పటిదో పసుపు మచ్చ. స్వస్థలం దివిసీమలో పల్లెటూరు, కాపురం బందరులో. పొద్దున్న రైల్లో గుడివాడ వచ్చి సాయంత్రం రైల్లో వెళ్ళిపోయేవారు. క్యూవెట్ అని మిషనులో పెట్టే చిన్న చదరపు గాజు గొట్టం ఉంటుంది. దానికి రెండు పక్కలు నున్నగా, రెండు పక్కలు గరుగ్గా ఉంటాయి. వెలుతురు నున్నటి పక్కల గుండా పోవాలి, వాటి మీద వేలు పడకూడదు. ఆ గరుకు పక్కలు పట్టుకుని పట్టుకుని ఆవిడకి లోకంలో ప్రతి వస్తువునూ అంచులు పట్టుకోవడం అలవాటైపోయింది. పెళ్ళి శుభలేఖ, రైలు టికెట్టు, ఎవరైనా చూపించిన ఫొటో, అన్నీ రెండు వేళ్ళ మధ్య అంచులే. స్టేషన్లో టీ గ్లాసు కూడా అలాగే పట్టుకుంటే టీ కొట్టతను, "మేడంగారి వేలిముద్ర దొరకాలంటే పోలీసోళ్ళ వల్ల కూడా కాదండి" అనేవాడు.

"నీ గ్లాసు మీద ఇప్పటికే పది మందివి ఉన్నాయిలే. నాది కూడా ఎందుకు?" అనేవారు ఆవిడ.

ఆ కాలేజీకి స్పెక్ట్రోఫోటోమీటర్ కొత్తగా వచ్చిన రోజుల్లో దాన్ని అద్దాల గదిలో పెట్టి తాళం వేశారు. పిల్లల్ని అద్దం బయట నిలబెట్టి, లోపల నుంచి ఒక లెక్చరరు మీటలు నొక్కి చూపించాలని ఏర్పాటు. మేడం ప్రిన్సిపాల్ గది దాకా వెళ్ళారు. వెనకే నేనూ ఉన్నాను.

"ఖరీదైన వస్తువు మేడం. పిల్లలు చెయ్యి పెడితే పాడవుద్ది. ఎవరు బాధ్యులు?" అన్నారాయన.

"చెయ్యి పెట్టకపోయినా పాడవుద్దండి. దానికెవరు బాధ్యులు?"

"మీరు డెమో చూపించండి, చాలు."

"ఈత కూడా గట్టు మీద నుంచే నేర్పించమంటారాండీ?"

తాళం చెవి ఆవిడ హ్యాండ్‌బ్యాగులోకి చేరింది, మళ్ళీ ప్రిన్సిపాల్ చేతికి పోలేదు. ఎండాకాలం రాగానే, మిషను వేడెక్కకుండా ఆ గదిలో పెట్టిన ఏసీ ఊడదీసి ప్రిన్సిపాల్ గదిలో బిగించారు.  మర్నాడు మేడం నలుగురు పిల్లల చేత మిషను మోయించుకుని ప్రిన్సిపాల్ గుమ్మం ముందు నిలబడ్డారు. "ఏసీ ఇక్కడుంది కదండీ, ప్రాక్టికల్స్ కూడా ఇక్కడే చేసుకుంటాం" అన్నారు. ఆ వారంలోనే ఏసీ వెనక్కి వచ్చింది. ఆవిడ నవ్వలేదు. అలాంటివి గెలిచినప్పుడు ఆవిడకి విసుగే ఎక్కువగా ఉండేది. ఒక గంట సేపు పిల్లలు చదువుకోవడానికి ఒక వారం పోట్లాడాలా అని.

దసరాకి అటెండరు మిషనుకి బొట్టు పెట్టి, బంతిపూల దండ వేశాడు. సెలవుల తర్వాత చూస్తే లోపల, సాంపిల్ పెట్టే చోట, పువ్వు రేకులు రాలి ఉన్నాయి. మేడం చర్చికి వెళ్ళే మనిషి కాబట్టి ఏమంటారోనని అతను బెదురుగా నిలబడ్డాడు.

"బొట్టు పెట్టుకో నాయనా, దండ వేసుకో. లోపలి మూత మాత్రం మూసి వెయ్యి. రేకు పడి రీడింగ్ తప్పొస్తే నేను మీ దేవుణ్ణడగనా, మా దేవుణ్ణడగనా?" అన్నారు. తర్వాత పిల్లల వైపు తిరిగి, "చూడకుండా నమ్మడం ఆదివారం పని. సోమవారం నుంచి శనివారం దాకా చూసే నమ్మాలి" అన్నారు.

ఆవిడతో పని చేయడం సుఖంగా ఉండేదని చెప్పను. ఒక్కరినీ మెచ్చుకునేవారు కాదు. నోరు దురుసు. పిల్లల ముందే నన్ను, "ఆ చేత్తోనే జేబురుమాలు పట్టుకున్నారు, ఆ చేత్తోనే క్యూవెట్ ముట్టుకుంటారా?" అని గుమ్మంలోంచి వెనక్కి పంపిన రోజులున్నాయి. సిలబస్ నిజంగానే మిగిలిపోయేది. పరీక్షల ముందు మిగతా ప్రయోగాలు నేను బోర్డు మీద గీసి కానిచ్చేవాణ్ణి. నాకు అప్పట్లో ఆవిడంటే కోపం. నాకు మిగిల్చిన పని చూసి కోపం. ఎవరి రీడింగైనా తేడాగా వస్తే నేను పిల్లల మీద విరుచుకుపడేవాణ్ణి. ఆవిడ పక్క నుంచి, "ముందు బ్లాంక్‌ని తిట్టండి బాబూ, అది ఏడవదు. పిల్లల్ని తర్వాత తిడుదురుగాని" అనేవారు.

అలాగని ఆవిడ పిల్లల్ని తిట్టలేదని కాదు. పెడన నుంచి వచ్చే కుర్రాడొకడు ఉండేవాడు. ఇంట్లో కలంకారీ అద్దకం పని. నల్లరంగు కోసం వాళ్ళు ఇనుప తుక్కూ బెల్లమూ నీళ్ళలో నానబెడతారు. ఇంటి పనిలో చెయ్యి పెట్టడం వల్ల వాడి వేళ్ళ సందులు ఎప్పుడూ నల్లగా ఉండేవి. ఒక రోజు ఇదే ఇనుము ప్రయోగంలో వాడికి రీడింగులన్నీ ఎక్కువెక్కువగా వచ్చాయి.

"చేతులు కడుక్కోకుండా వచ్చావు" అన్నారు మేడం.

"కడుక్కున్నానండి. ఇది పోదండి."

"పోయాకే రా" అని బయటికి పంపేశారు.

వాడు వరండాలో నిలబడి చేతులు ప్యాంటుకు రుద్దుకోవడం కిటికీలోంచి నాకు కనపడుతూనే ఉంది. సాయంత్రం మేడం రైలు వదిలేసుకుని, వాడి సామాను ఒక్కొక్కటీ చూస్తూ ల్యాబ్‌లోనే ఉండిపోయారు. వాడికి ఆవిడే ఇచ్చిన క్యూవెట్ అడుగున పాత ప్రయోగం తాలూకు మరక ఉంది.

తర్వాతి ల్యాబ్ రోజున ఆవిడ తిన్నగా వాడి బల్ల దగ్గరికి వెళ్ళారు. వాడి పరీక్షనాళికల స్టాండు తీసుకుని సింకు దగ్గరికి నడిచారు. చీర చెంగు బిగించి, ఒక్కొక్కటీ బ్రష్‌తో తోమి కడగడం మొదలుపెట్టారు. బ్యాచ్ మొత్తం చూస్తోంది. వాడు కంగారుగా వెనకే వెళ్ళాడు.

"మేడం, నేను కడుక్కుంటానండి."

"నువ్వెళ్ళి రీడింగ్ తీసుకో. నీ చేతులు శుభ్రంగానే ఉన్నాయి."

 ఆవిడ నోట క్షమించమన్న మాట నేనెప్పుడూ వినలేదు. ఆ తర్వాత కూడా ఆవిడ వేరే ఎవరి గాజుసామానో పట్టుకుని సింకు దగ్గర నిలబడ్డారంటే, ఎవరినో అన్యాయంగా తిట్టారని పిల్లలకి తెలిసిపోయేది. వాళ్ళు అది చూసి ఎగతాళి చేయలేదు. ఎగతాళిగా అనిపించింది నాకే. "పిల్లల ముందు ఇలా చేస్తే లోకువైపోతామండీ" అన్నాను ఒకసారి.

"అయితే అవుదాం" అన్నారు, నాళిక వెలుతురుకి ఎత్తి చూస్తూ. "రీడింగ్ తప్పవకూడదు కదా."

పోయినేడాది ఆవిడ చనిపోయారు. బందరులో వాళ్ళ చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. సహోద్యోగిగా రెండు మాటలు చెప్పమంటే లేచి అంకితభావం అన్నాను, క్రమశిక్షణ అన్నాను, తీరని లోటు అన్నాను. ఎవరి గురించైనా చెప్పగలిగిన మాటలే. బయటికి వచ్చి చెప్పులు వేసుకుంటుంటే ఒకతను నమస్కారం పెట్టాడు. జుట్టు పలచబడింది గానీ వేళ్ళ సందులు అలాగే నల్లగా ఉన్నాయి.

"సింకు సంగతి చెప్తారనుకున్నానండి" అన్నాడు.

నేను ఏదో గొణిగి బండి తీశాను.

ఇప్పుడు మా కాలేజీలో ఉన్న మిషను ఆవిడ పోట్లాడి కాపాడిన దానికన్నా చాలా కొత్తది. కంప్యూటరుకి కలిపి ఉంటుంది, గ్రాఫు అదే గీస్తుంది. అయినా బ్యాచ్‌లో ఒకడు మీట నొక్కుతాడు, మిగతావాళ్ళు ఫోన్లో ఫొటో తీసుకుంటారు. రికార్డుల్లో అందరి రీడింగులూ ఒకటే. తనిఖీ కమిటీ వచ్చే ముందు రోజు ముసుగు తీసి తుడుస్తాం. మిషను కొన్నప్పుడు దాని పక్కన నిలబడి అందరూ ఫొటో దిగారు, నేనూ దిగాను. నీళ్ళు కాచే కాయిల్‌కి ఎవరూ రిబ్బను కట్టరు. అది కావాలని రాసిన కాగితం ఆఫీసులో ఒక బల్ల మీద నుంచి ఇంకో బల్ల మీదికి తిరుగుతూనే ఉంది. దాని గురించి స్టాఫ్‌రూములో నేను చాలా ఘాటుగా మాట్లాడతాను. మాట్లాడి, ల్యాబ్‌కి వచ్చి, తుప్పు గొట్టం నీళ్ళ మీద డిస్టిల్డ్ వాటర్ అన్న చీటీ ఉంచుతాను. ఆ చీటీ ఎవరో బయటివాళ్ళు అంటించలేదు.

ఇంతవరకు ఆ సాయంత్రమే రాశాను. మిగతాది జరిగాక రాస్తున్నాను.

రిపోర్టులు ఇవ్వాల్సిన గడువుకే ఆ అమ్మాయి తనది తెచ్చింది. శుభ్రంగా మళ్ళీ టైపు చేయించింది. తిరగేశాను. పట్టికలో బోరు ఉంది, కాలవ ఉంది, చెరువు ఉంది.

"వాన నీళ్ళేవమ్మా?"

"తీసెయ్యమన్నారు కదండీ. చివర్లో ముగింపు కూడా మార్చానండి."

తను పోట్లాడి ఉంచుతుందేమోనని ఎక్కడో ఆశపడ్డాను. ఉంచితే నా పని తేలికయ్యేది. కానీ చెప్పింది చేసుకొచ్చింది. మొహంలో కోపం లేదు, అది నాకు ఇంకా కష్టంగా అనిపించింది. ఉన్న రీడింగును లేదని రాయడం ఒక మాటతో నేర్పేశాను, తను ఒక మాటతో నేర్చుకుంది.

"తప్పు నాదమ్మా. మన నీళ్ళలోనే ఇనుము ఉంది. నువ్వన్నదే నిజం. మళ్ళీ మొదట్నుంచీ చేద్దాం, నేను మంచి నీళ్ళు తెస్తాను."

 "వాన నీళ్ళు లేవండి సార్. ఆ రోజే బస్టాండులో పారబోసేశాను."

"ఇంటి దగ్గర ఉన్నాయా?"

"ఉన్నాయండి. కానీ మా నాయనమ్మని మళ్ళీ అడగాలండి. మొన్నే తిట్టింది, నీ చదువుకి పప్పు నీళ్ళు కావాలా అని."

వాళ్ళ నాన్నకి నేనే ఫోన్ చేశాను. ఆయన మర్నాడు అటు నుంచి వచ్చే బస్సులో కండక్టరు చేతికి సీసా ఇచ్చి పంపుతానన్నారు. మర్నాడు బస్టాండులో నిలబడ్డాను. వచ్చిన ప్రతి బస్సు దగ్గరికీ వెళ్ళి అడిగాను. చివరికి ఒక కండక్టరు సీటు కింద నుంచి, గోనె పీలికతో చుట్టిన రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా తీశాడు.

"ఇది మీకేనాండీ? ఏంటిది మాస్టారూ, తీర్థమా?"

"వాన నీళ్ళండి."

"ఏం, మీ బందరులో కురవట్లేదా?"

"కురుస్తోందండి. మేం పట్టుకోలేదు."

గుడివాడలో ఒక ఫార్మసీ కాలేజీలో పనిచేసే స్నేహితుణ్ణి అడిగి, రెండు క్యాన్ల డిస్టిల్డ్ వాటర్ రైల్లో మోసుకొచ్చాను. అంతకు ముందే మా సీసాల మీద చీటీలన్నీ గీకేశాను. కాయిల్ సంగతి అడగడానికి ఆఫీసుకి వెళ్తే, సంబంధిత గుమాస్తా సెలవులో ఉన్నాడన్నారు.

ఆ బ్యాచ్ మళ్ళీ ల్యాబ్‌కి వచ్చినప్పుడు అందరినీ నిలబెట్టి చెప్పాను. "ఆ రోజు మైనస్ రావడానికి కారణం నేను వాడించిన నీళ్ళు. ఈ అమ్మాయి కారణం కూడా చెప్పింది. నేను వినకుండా మీ చేత నవ్వించాను."  ఆ అమ్మాయి తల వంచుకుని స్టాండులో నాళికలు లెక్కపెడుతున్నట్టు నటించింది. నేను వెళ్ళి ఆ స్టాండు తీసుకుని సింకు దగ్గరికి నడిచాను.

"వద్దండి సార్, నేను కడుక్కుంటాను."

"నువ్వెళ్ళి మిషను దగ్గర కూర్చోమ్మా."

బ్రష్ పట్టుకోవడం అలవాటు తప్పింది. చొక్కా చేతులు తడిసిపోయాయి. కరెంటు బిల్లు మాట అన్నవాడే వెనక బల్ల నుంచి, "సార్, మావి కూడా ఉన్నాయండి" అన్నాడు. అందరూ నవ్వారు. ఈసారి నవ్వు నా మీద పడింది. వాడి స్టాండు కూడా తెచ్చి ఇమ్మన్నాను, తెచ్చి ఇచ్చాడు.

ఆ అమ్మాయి కూర్చోలేదు. నేను తెచ్చిన క్యాను పక్కన నిలబడి ఉంది.

"సార్, ఈ నీళ్ళు ఒకసారి చూసుకోనాండీ?"

నా మీద నమ్మకం లేక అడిగింది. అడిగినందుకు నాకు నొప్పిగానే అనిపించింది.

"చూసుకో" అన్నాను.

క్యానులో నీళ్ళు నాళికలో పోసి, మందు చుక్కలు వేసి, కిటికీ వైపు ఎత్తి పట్టుకుంది. వెనక తెల్లకాగితం పెట్టి చూసింది. పక్క బల్ల అమ్మాయిని పిలిచి చూపించింది. రంగు రాలేదు. అప్పుడు కూర్చుంది. క్యూవెట్ గరుకు పక్కలు రెండు వేళ్ళతో పట్టుకుని లోపల పెట్టి సున్నా చేసింది. తీసి, తుడిచి, మళ్ళీ పెట్టి ఇంకోసారి చేసింది. ఆ తర్వాతే కూల్‌డ్రింక్ సీసా మూత తీసింది.

మీట నొక్కాక చాలాసేపు తెర వైపే చూసింది. తర్వాత సింకు వైపు తిరిగి అంకె చదివింది. సున్నాకి కాస్త పైన, మైనస్ లేదు.

"రాసుకోనాండీ?"

"వచ్చింది వచ్చినట్టు రాసుకో" అన్నాను. నాకింకా కడగాల్సిన నాళికలు ఉన్నాయి.